సేంద్రియ సేద్యమునకు మారిన తోటరైతునకు మిగులునది యెంత?



మన తిరుమలగిరి చుట్టుప్రక్కల గ్రామములలో ఏ రచ్చకట్టకడ కూర్చున్నను ఇటీవల ఒకే ప్రశ్న వినవచ్చుచున్నది. "సారూ, మందుసంచులు మానివేసి బత్తాయితోటను సేంద్రియమునకు త్రిప్పినచో మాకు నాలుగు రూపాయలు మిగులునా? లేక చేతిలో నున్నదియు పోవునా?" అని రైతులు అడుగుచున్నారు. సేంద్రియమునకు మారిన వెంటనే ఆదాయము రెట్టింపగునని చెప్పువారును కలరు. మారినవాడు అప్పులపాలగునని బెదరించువారును కలరు. ఇరువురి చేతిలోను లెక్క లేదు.

ఈ ప్రశ్న తేలికయైనది కాదు. వరి వేసిన రైతు ఈ కారునకు తప్పు చేసిన, వచ్చు కారునకు దిద్దుకొనవచ్చును. బత్తాయి నాటినవాడు ఐదవయేటి వరకు కాపుకొరకు వేచియుండవలెను. పిమ్మట ఆ చెట్టునే నమ్ముకొని పదునైదిరువది యేండ్లు బ్రదుకవలెను. చెట్టు ఒకసారి నీరసించిన, తిరిగి కోలుకొనుటకు ఏండ్లు పట్టును.

నేను చిన్ననాడు చదివిన మిషను బడిలో ప్రతి విద్యార్థికిని ఒక చిన్న మడియు, ఆ మడికొక ఖర్చుపుస్తకమును ఉండెడివి. మడిలో ఏమి పండినదను దానికన్న పుస్తకములో ఏమి వ్రాసితిమను దానినే మా ఉపాధ్యాయులు ముందుగా చూచెడివారు. ఆ యలవాటు చొప్పున ఈ విషయమును కూడ లెక్కగనే మీ ముందుంచుచున్నాను.

నా తప్పు

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొనవలయును. కొన్ని సంవత్సరముల క్రిందట నాలుగెకరముల బత్తాయి తోటగల యొక రైతు నా సలహా నడిగెను. ఆ దినములలో నాకు ఉత్సాహ మెక్కువ, అనుభవము తక్కువ. యూరియా, మందులు అన్నియు ఒక్కసారిగ మానివేసి జీవామృతము పోయుమని చెప్పితిని. మొదటియేడు కాయ తగ్గలేదు. మందుల ఖర్చు మిగిలెను. ఆయన ఊరంతయు నన్ను పొగడెను. రెండవయేట ఆకు పాలిపోయెను, కాయ చిన్నదాయెను, దిగుబడిలో సుమారు మూడవపాలు తగ్గెను. మార్కెట్టులో ఆ కాయను చిన్నకాయ కుప్పలోనే పోసిరి. అది మందులు లేని కాయయని వినువాడెవ్వడును లేడు. మూడవయేట ఆయన అప్పుచేసి బయటినుండి లారీలతో పెంట తోలించెను. దాని ఫలము ఆ యేడు చేతికి రాలేదు.

ఆయన నన్నొక్క కఠినపు మాటయు అనలేదు. "సారూ, చెట్టు ఆకలిమీద నున్నది" అని మాత్ర మనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. మొదటియేడు చెట్టు బ్రదికినది నా సలహామీద గాదు, భూమిలోను, కొమ్మలోను నిలువయున్న పాత సత్తువమీద.

ఈ తప్పు నేనొక్కడనే చేయలేదు. శ్రీలంక ప్రభుత్వము 2021వ సంవత్సరము మే నెలలో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్కసారిగ నిషేధించెను. వరి, తేయాకు దిగుబడులు పడిపోగా ఆ సంవత్సరము నవంబరులోనే నిషేధమును సడలింపవలసివచ్చెను. సేంద్రియము చెడ్డదని దీని యర్థము కాదు. బదులు ఎరువును సిద్ధపరచుకొనక ఉన్నదానిని మానుట చెడ్డదని యర్థము.

ఎరువు లెక్క

పూర్తిగా కాపునకు వచ్చిన బత్తాయి చెట్టునకు సంవత్సరమునకు 1500 గ్రాముల నత్రజని కావలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు. అందులో నాలుగవపాలు పశువుల ఎరువుగను, నాలుగవపాలు వేపపిండి మున్నగు పిండ్లరూపమునను, మిగిలిన సగము రసాయనపు టెరువుగను ఇయ్యవలెనని వారు చెప్పుదురు. పశువుల ఎరువులో నత్రజని నూటికి అరవంతు, వేపపిండిలో నూటికి ఐదువంతులు అనుకొనిన, చెట్టునకు 75 కిలోల పశువుల ఎరువు, 7½ కిలోల వేపపిండి, ఒకటిన్నర కిలోకు కొంచెము పైబడిన యూరియా అగును.

ఇపుడు యూరియాను తీసివేయుదము. దాని స్థానమును పశువుల ఎరువుతోనే నింపవలెనన్న చెట్టునకు మఱి 150 కిలోలు కావలెను. ఇరువదియడుగుల ఎడముతో నాటిన ఎకరములో సుమారు 108 చెట్లుండును. నత్రజని అంతయు పశువుల ఎరువునుండియే రావలెనన్నచో ఎకరమునకు 32 టన్నులు కావలెను. ఒక పెద్దపశువు దినమునకు పది కిలోల పేడ వేసినను సంవత్సరమునకు మూడున్నర టన్నుల పచ్చిపేడ మాత్రమే. అనగా ఎకరమునకు తొమ్మిది పది పశువులు! మన యూళ్లలో దొడ్లు ఖాళీయగుచున్న ఈ కాలములో ఈ లెక్క ఎవరికి సాగును?

కావున పేడ యొక్కదానినే నమ్ముకొనరాదు. చెట్ల నడుమ జనుమును, జీలుగును చల్లి పూతదశలో కలియదున్నిన, ఎకరమునకు ఐదారు టన్నుల పచ్చిరొట్ట వచ్చినచో సుమారు 25 కిలోల నత్రజని దక్కును. గట్లమీద గిరిపుష్పము, కానుగ నాటుకొనిన ఆకు ఎరువు ఏటేట చేతికందును. పత్తికట్టె, కందికట్టెలను తగులబెట్టుట మన ప్రాంతమున పెద్ద దుర్వ్యయము. 1924 నుండి 1931 వరకు ఇందూరు పరిశోధనాలయమునకు అధికారిగా నున్న ఆల్బర్టు హోవార్డు దొర ఇట్టి కట్టెను, చెత్తను నలుగగొట్టి, పేడయు, పశువుల మూత్రముతో తడిసిన మన్నును, బూడిదయు పొరలు పొరలుగ వేసి, సుమారు మూడు నెలలలో మంచి ఎరువుగ మార్చు విధానమును నిరూపించెను. దానినే ఇందూరు పద్ధతి యందురు. దానికి కావలసినది డబ్బు కాదు, శ్రద్ధ.

జీవామృతమునుగూర్చి ఒక మాట. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 మొదలు 10 లీటర్ల మూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుధాన్యపు పిండి కలిపి దానిని తయారుచేయుదురు. పది కిలోల పచ్చిపేడలోని నత్రజని 50 గ్రాములకు మించదు. ఇది భూమిలోని సూక్ష్మజీవులను మేల్కొలుపుటకు తోడుగాని, చెట్టునకు తిండి కాదు. నేను చేసిన పొరపాటు ఇదియే.

మరియొక సంగతి. పశువుల ఎరువులోని సత్తువ అంతయు మొదటియేట చెట్టునకందదు. కొంత ఆ యేడు, కొంత తరువాతి యేండ్లలో అందును. అందుచేత మారిన రెండవ, మూడవ యేండ్లలో దిగుబడి పడుటయు, పిమ్మట క్రమముగ కోలుకొనుటయు జరుగును. బయటినుండి పెంట కొని తోలించువారు మఱియొకటి విచారింపవలెను. కోళ్లఫారముల పెంట మొదలగు వానిని ధ్రువీకరణ నియమములు అన్ని సందర్భములయందు అంగీకరింపవు. ముందడిగి, పిమ్మట కొనవలెను.

తెగుళ్ల లెక్క

సేంద్రియమనగా తెగుళ్లకు తోటను వదలివేయుట యని కొందరి భ్రమ. అది నిజము కాదు. గజ్జి, బంక తెగుళ్లకు మన తాతలనాటి బోర్డో మిశ్రమము మితముగ వాడుట నియమములకు లోబడినదే. మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో, నీరు 100 లీటర్లు. మంగునల్లికి గంధకము వాడవచ్చును. ఆకుతొలుచు పురుగునకు నూటికి ఐదువంతుల వేపగింజల కషాయము చిగురు వేయువేళనే కొట్టవలెను. వేరుకుళ్లునకు ఒక కిలో ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి మాగబెట్టి పాదులలో వేయుదురు. కాయనుండి రసము పీల్చు రెక్కలపురుగు పిల్లలు తిప్పతీగ, దూసరతీగలమీద పెరుగును గావున కంచెలలోని ఆ తీగలను పెరికివేయుటయే సగము మందు.

ఈ పనులలో మందు వెల తక్కువ, మనిషి పని ఎక్కువ. ఇంటిల్లిపాది తోటలో పనిచేయు రైతునకు ఇది లాభము. అన్నిటికిని కూలిని పెట్టువానికి ఆ మిగులు కూలిలోనే పోవును.

ధర లెక్క

ఒక చిన్న లెక్క వేయుదము. ఈ అంకెలు విషయమును తెలుపుటకు మాత్రమే. మీ పుస్తకములోని అంకెలను వీని స్థానమున వేసికొనుడు. ఇపుడు తోటలో నూఱు రూపాయల పంట వచ్చుచున్నదనుకొందము. అందులో ఎరువులకు, మందులకు 25, కూలికి, కోతకు 25 పోగా రైతునకు మిగులునది 50.

సేంద్రియమునకు మారగా పంట ఐదవపాలు తగ్గి 80 అయినది. కూలి పెరిగి 30 అయినది. ఎరువంతయు బయట కొనిన దానికి 30. ధర పాతదే. మిగులునది 20 మాత్రమే. అదే రైతు ఎరువును ఇంటనే చేసికొని దానికి పదిరూపాయలే ఖర్చుపెట్టిన మిగులు 40. ఇంటి ఎరువుతోపాటు ధరయు నాలుగవపాలు హెచ్చిన, 80 రూపాయల పంట నూఱు రూపాయలు తెచ్చును. మిగులు 60.

ఒకే తోట, ఒకే దిగుబడి. మిగులు మాత్రము ఇరువది, నలువది, అరువది! సేంద్రియము లాభమా నష్టమా యను ప్రశ్నకు ఉత్తర మిందులోనే యున్నది. ఎరువు ఎక్కడిది? కాయను ఎవరికి, ఏ పేరుతో అమ్ముచున్నారు? ఈ రెండే తేల్చును.

విదేశములలోని లెక్కలును ఇదే చెప్పుచున్నవి. నేచర్ పత్రికలో 2012లో ప్రకటింపబడిన యొక పరిశీలన ప్రకారము, అన్ని పంటలను కలిపి చూచిన సేంద్రియపు దిగుబడి నూటికి 25వంతులు తక్కువైనను, పండ్లతోటలలో ఆ తేడా మిక్కిలి స్వల్పము. ఐదు ఖండములలోని 55 పంటల లెక్కలను క్రౌడర్, రెగనోల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పరిశీలించి 2015లో ఫలితములను ప్రకటించిరి. ప్రత్యేక ధర దొరికినచో సేంద్రియ రైతునకు నూటికి 22 మొదలు 35వంతుల వరకు అధిక లాభము వచ్చెను. ఆ ధర దొరకనిచోట మామూలు రైతుకన్న అతడే వెనుకబడెను. ఇరువురును సమానమగుటకు నూటికి ఐదు మొదలు ఏడువంతుల అధిక ధర చాలునని వారు తేల్చిరి. ఆ అంకెలను మన ఎఱ్ఱచెల్కలకు అట్లే అన్వయింపరాదు. కాని నీతి మాత్రము ఒకటే.

దీనికి మన యెదుటనే మరియొక దృష్టాంతము కలదు. మహబూబ్‌నగరు గుట్టలలోని సీతాఫలమును చూడుడు. బాలానగర్ రకమునకు ఆ పేరు వచ్చినది ఆ జిల్లాలోని బాలానగరమునుండియే. గుట్టమీది ఆ చెట్టు యూరియాను ఎరుగదు, మందును ఎరుగదు. అంతకన్న సేంద్రియమైన పండు ఏది? అయినను దానిని ఏరి గంపల కెత్తి రోడ్డుప్రక్కకు తెచ్చినవారికి సేంద్రియపు ధర ఇచ్చువాడెవ్వడు? రసాయనము లేకుండుట మాత్రమే ధరను తేదు. రసాయనము లేదని చూపు ఆధారమును, దానిని నమ్మి కొనువానిని చేరు మార్గమును ఉండవలెను.

మన బత్తాయి సంగతియు అంతే. కాయను కుప్పపోసి అమ్మినచోట టన్నునకింత యని సూటు కోసికొందురు. సేంద్రియపు కాయ, మామూలు కాయ ఒకే కుప్పలో కలసిపోవును. ఇక తోటను పూతమీదనే గుత్తకిచ్చు రైతులకు మఱియొక ప్రమాదము కలదు. గుత్తదారు తన పెట్టుబడిని కాపాడుకొనుటకు తోచిన మందు కొట్టును. మామిడితోటలలో ఇది తరచుగ జరుగునదే. రైతు మూడేండ్లు పట్టిన నిష్ఠ మూడు గంటలలో పోవును. గుత్తయు, సేంద్రియమును ఒక యొరలో ఇమడవు.

మూడేండ్ల లెక్క

పండ్లతోటకు సేంద్రియ ధ్రువపత్రము రావలెనన్న రసాయనములు మానిన పిమ్మట మూడు సంవత్సరములు గడువవలెను. దిగుబడి తగ్గుటయు, ప్రత్యేక ధర రాకుండుటయు ఈ మూడేండ్లలోనే. నా సలహా విన్న రైతు మునిగినదియు ఈ గుంటలోనే. కేంద్ర ప్రభుత్వము 2015-16లో ఆరంభించిన పరంపరాగత కృషి వికాస్ యోజనలో, 2022 నాటి సవరించిన నియమముల ప్రకారము, రైతునకు నేరుగా ముట్టునది మూడేండ్లకు హెక్టారునకు రూ. 15,000, అనగా ఎకరమునకు ఏటికి రెండువేలు. ఇది తోడ్పాటే గాని గుంటను పూడ్చజాలదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్న లాభము లేదు గావున మారుటకు ముందే ఈ మూడేండ్ల వెచ్చమును లెక్కవేసికొనవలెను.

అయితే ఈ యేండ్లలో ఒక లాభము మౌనముగ పెరుగుచుండును. ఆకు, రొట్ట, ఎరువు కలిసిన చెల్కభూమి నీటిని ఎక్కువకాలము పట్టియుంచును. పాదులలో ఎండుగడ్డి కప్పిన నీటితడుల నడుమ ఎడము పెరుగును. బోరుబావి యెండగా ట్యాంకర్లతో నీరు పోసి చెట్లను కాపాడుకొన్న కరవుకాలములు మన జిల్లా రైతులు మఱచియుండరు. ఎండకాలమున చెట్టు నిలుచుటయు ఆదాయమే. అది మార్కెట్టు చీటీలో కనబడదు, అంతే.

సంఘము చేయవలసిన పని

పైలెక్కలో నలువది రూపాయలవరకు రైతు తన రెక్కలకష్టముచే చేరగలడు. అరువదికి చేరుట ఒంటరివానికి సాధ్యము కాదు. అక్కడనే సహకారము ఆరంభమగును.

మొదటిది ధ్రువపత్రము. 2011లో ఆరంభమైన భాగస్వామ్య హామీ పద్ధతిలో ఒకే గ్రామమునకు గాని, ఇరుగుపొరుగు గ్రామములకు గాని చెందిన ఐదుగురు రైతులు చాలును. వారు ఒకరి తోటను మఱియొకరు పరీక్షించి, ఒకరికొకరు పూచీయుందురు. బయటి తనిఖీదారునకు చెల్లించు పెద్ద రుసుము ఇందులో లేదు. మన దేశపు మార్కెట్టునకు ఇది చాలును. ఎగుమతికి వేఱు విధానము కలదు. 2017 నాటి ఆహారభద్రతా నియమముల ప్రకారము, చిన్నరైతు తానే నేరుగా తినువానికి అమ్ముకొనుట తప్ప, ధ్రువపత్రము లేక సేంద్రియమను పేరుపెట్టి అమ్మరాదు.

రెండవది ఎరువు. ఒక్కొక్కరు ఒక్కొక్క బస్తా వేపపిండి కొనుటకంటె సంఘము లారీగ తెప్పించిన వెల తగ్గును, కల్తీయు పట్టుబడును. జనుము విత్తనమును, కట్టెను నలుగగొట్టు యంత్రమును సంఘము ఉంచిన, పత్తికట్టె మంటపాలు గాక ఎరువగును.

మూడవది అమ్మకము. ఐదుగురి కాయను ఒకచోట గ్రేడు చేసి, పెట్టెలలో పెట్టి, కుప్పనుండి వేరుచేసి పట్టణమునకు పంపగలిగినదే సంఘము. సేంద్రియ పంటల అమ్మకమునకై 2023 జనవరిలో జాతీయ సహకార ఆర్గానిక్స్ సంస్థ బహురాష్ట్ర సహకార సంఘముగ ఏర్పడినది. దానియందు ప్రాథమిక సంఘములును సభ్యులు కావచ్చును. మన పాలకవర్గము దీనిని విచారింపవలెనని నా మనవి.

నాలుగవది మూడేండ్లకు పరపతి. పంటఋణముతోపాటు, మారుచున్న రైతులకు కొంత గడువు హెచ్చించి బదులిచ్చుట సంఘమున కసాధ్యము కాదు. ఏనబావి గ్రామము ఎక్కడనో లేదు, మన తెలంగాణములోనే, నేటి జనగామ జిల్లాలో నున్నది. 2006లో ఆ గ్రామస్థులు రసాయనములను విడిచిన గ్రామముగ తమ్ము ప్రకటించుకొనిరి. వారివి పండ్లతోటలు కావు. కాని ఊరంతయు కలసి మారుటచే ఒకని చేనిలో కొట్టిన మందు ప్రక్కవాని చేనిపై పడునను తగవు తీరెను.

ఎట్లు మొదలిడవలెను?

మొదటి రెండేండ్లు రసాయనములను పూర్తిగా మానక, జనుము, ఇంటి ఎరువు పెంచుచు, యూరియాను మెట్లుగ తగ్గింపుడు. ఒక యెకరములో నేర్చుకొనుడు. ఆకు పచ్చగ నిలిచి కాయ తగ్గనిచో, అప్పుడు ఐదుగురు కలసి మూడేండ్ల గడియారమును ఆరంభింపుడు. ఒకే తోటలో ఒక ప్రక్క సేంద్రియము, ఒక ప్రక్క రసాయనముగ ఎల్లకాలము నడపుటకు ధ్రువీకరణ నియమములు సులభముగ సమ్మతింపవు. కావున నేర్చుకొనుట వేఱు, ధ్రువపత్రమునకు నడచుట వేఱు. అప్పుచేసి పెంట కొని మారదలచినవారు మాత్రము ఈ యేడు మారవలదు.

నేను పైన చెప్పిన రైతు నేడు ఇట్లే చేయుచున్నాడు. రెండు బఱ్ఱెలను కొన్నాడు. తోటలో జనుము వేయుచున్నాడు. కొమ్మకత్తిరింపును కాల్చుట మానినాడు. యూరియా ఇంకను కొంత వేయుచున్నాడు, దాచిపెట్టక చెప్పుచున్నాడు. చెట్టు మరల నలుపుదేరినది. మందుల ఖర్చు మునుపటికంటె తగ్గినది. "సారూ, ఈసారి ఒక్కడినే దిగను, నలుగురు నాతో వచ్చిననాడు మిగిలిన యూరియాను కూడ మానుదును" అని మొన్న నాతో ననెను.

ఆ నలుగురు మనలోనుండియే రావలెను. వచ్చు సర్వసభ్య సమావేశమునకు తోటగల ప్రతి సభ్యుడును నిరుటి ఖర్చుపుస్తకమును వెంట దెచ్చిన, అందరము కూర్చుండి ఎవరి తోటకు ఇరువది, ఎవరికి నలువది, ఎవరికి అరువదియో వేసి చూడవచ్చును. పుస్తకము లేనివారు నేటిరాత్రియే ఒక రెండు రూపుల నోటుబుక్కుతోనైన ఆరంభింతురుగాక. మొదటి పేజీలో మీ దొడ్డిలోని పశువుల సంఖ్యను వ్రాయుడు. తక్కిన లెక్క యంతయు అక్కడనుండియే నడచును.